కొత్తకు ముందు కాయ

మూడో రోజు కూడా జంపక్క వండింది గాని, ఎవరినీ తినడానికి పిలవలేదు.

జావ గిన్నె మీద మూత పెట్టి గడప అవతల కూర్చుంది. పగిడయ్య వసారాలో మంచం మీద చుట్ట చుట్టుకుంటున్నాడు. కోడలు యశోద గోడకు ఆనుకుని తునికాకు కట్టలు కడుతోంది. కట్టకు యాభై ఆకులు. లెక్క తప్పి, విప్పి, మళ్లీ మొదలుపెట్టింది.

వాళ్ల మధ్య నేల మీద ఆ కాగితం ఉంది.

"దాన్ని అవతల పెట్టరా ఎవరన్నా," అంది జంపక్క.

ఎవరూ కదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ భాను కూడా కదల్లేదు. ఆ కాగితం మీద ఉన్న ఫొటో ఆమె తీసిందే.

అది జిల్లా పేపరు ఆదివారం పేజీ. తేదీ ఏప్రిల్ పదహారు. సారపాక సెంటర్‌లో మిర్చి బజ్జీలు కట్టిచ్చిన ముక్క. ఊరి పటేలు పెద్దకొడుకు బజ్జీలు తిని, చేతులు తుడుచుకోబోతూ చూశాడు. నూనె మరక కింద యశోద ఉంది. మామిడికాయలో పళ్లు దించి, పులుపుకు ఒక కన్ను మూసింది. కింద అచ్చులో 'ఫొటో: భాను, డిగ్రీ విద్యార్థిని' అని ఉంది.

వాళ్ల కోయల ఊరు రేలగూడెంలో మామిడి కొత్త పండుగ చేసింది ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన. పూజారి మొదటి కాయలు అమ్మవారికి పెట్టి, ఇంటింటికీ పంచేదాకా ఆ ఊళ్లో ఎవరూ మామిడికాయ నోట పెట్టరు. పసిపిల్లలు కూడా రాలిన కాయను చెట్టు మొదట్లోనే వదిలేసి వస్తారు. యశోద కొరికిన కాయ పండుగకు పన్నెండు రోజుల ముందే పేపర్లో పడింది. కొరికినట్టు జిల్లా అంతా చూసింది.

వారంలో విత్తనాల పండుగ. ఒక్కో ఇంటి నుంచి పిడికెడు విత్తనాలు తెస్తారు. పూజారి అన్నీ కలిపి, అమ్మవారి ముందు పెట్టి, తిరిగి పంచుతాడు. ఏ ఇంటి పిడికిలి అందులో కలవదో, ఆ ఇల్లు ఆ ఏడాది దున్నదు. పగిడయ్య ఇంటి విత్తనాలు ఈసారి పట్టేది లేదని పటేలు మొన్ననే కబురు పంపాడు. ఇవాళ పొద్దువాలగానే పంచాయితీకి రమ్మన్నాడు.

"మింగినవా, ఉమ్మినవా?" జంపక్క కోడలి వైపు చూడకుండా అడిగింది.

"ఉమ్మిన అత్తా. ఎన్నిసార్లు చెప్పాలె?"

"అది చెప్పమను." గడ్డంతో భానును చూపించింది. "పక్కనే ఉన్నది గదా, మిషన్ల కన్ను పెట్టుకోని."

"ఉమ్మింది అత్తమ్మా," అంది భాను.

యశోద చేతిలో తునికాకు ఆగింది. మళ్లీ కదిలింది.

ఈ ఇంట్లో భాను ఐదు వారాలుగా ఉంటోంది. ఆమెది ఇల్లందు దగ్గర తండా. తండ్రి లచ్చిరాం బొగ్గు బావిలో పని. భానూ యశోదా హాస్టల్లో ఐదేళ్లు ఒకే గదిలో ఉన్నారు. టెన్త్ తర్వాత యశోదకు పెళ్లయింది. భాను ఖమ్మంలో డిగ్రీ రెండో సంవత్సరం పూర్తి చేసింది. పరీక్షలు కాగానే లెక్చరర్ దగ్గర ఫిల్మ్ కెమెరా అడిగి తెచ్చుకుంది. పెనుబల్లి నుంచి భద్రాచలం దాకా బస్సులు మారుతూ, దారిలో కనిపించిన సంతలూ రేవులూ తీసుకుంటూ, పొద్దుగూకే వేళకు ఈ ఇంటికి చేరేది. జంపక్క కంచం పెట్టేది. ఇన్ని రోజుల్లో ఎప్పుడు పోతావని అడగలేదు.

తండాలో మాత్రం భాను ఖమ్మంలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటోందని అనుకుంటున్నారు.

మధ్యాహ్నం బాలకృష్ణ సారపాక నుంచి సైకిల్ మీద వచ్చాడు. యశోద భర్త. మిల్లులో కాంట్రాక్టు పని. సైకిల్ గోడకు కొట్టి నిలబెట్టాడు.

"పంచాయితీ ఉన్నదని సూపర్‌వైజర్‌కు చెప్పిన. ఏం పంచాయితీ అన్నడు. మామిడికాయ పంచాయితీ అన్న. నవ్విండు."

"నవ్వనీ," అన్నాడు పగిడయ్య.

"ఆయన నవ్వితే నాకేం బాధ లేదు నాయనా. గేటు కాడ పటేలు తమ్ముడు గూడ నవ్విండు." భాను వైపు తిరిగాడు. "నీకేమైంది? ఫొటో పడ్డది, పేరు పడ్డది. మాకు తప్పు పడ్డది."

"నేను కావాలని చేసిన్నా అన్నా?"

"కావాలని చెయ్యలేదు. అడిగి గూడ చెయ్యలేదు. పేపరుకు పంపే ముందు ఒక్కమాట ఈ ఇంట్ల అడిగినవా?"

పంపేటప్పుడు భానుకు తోచలేదు. మూడు వారాలు ఆదివారం ఆదివారం భద్రాచలం బస్టాండుకు పోయి పేపరు తిరగేసింది. పడిన రోజు నాలుగు కాపీలు కొని, బస్సులో కూర్చుని నాలుగింటిలోనూ అదే పేజీ చూసుకుంది. ఆ ఒక్క ఫొటో కోసం ఫిల్ము సగం ఖర్చయింది. మూసిన కన్నూ, చేతి మీది ఎండా ఒకేసారి దొరికింది అందులోనే. ఇప్పుడు ఊరంతా ఆ ఫొటోనే చూస్తోంది. పళ్లు ఎంత లోతుకు దిగాయో చూస్తున్నారు. ఫొటో ఎట్లా ఉందో ఒక్కరూ అనలేదు. అననందుకు కోపం వచ్చింది. ఇప్పుడా కోపం రావాల్సింది అని తన మీద ఇంకా కోపం వచ్చింది.

యశోద బిందె తీసుకుని బోరింగు దగ్గరకు నడిచింది. భాను వెనకే పోయింది.

"నువ్వు ఉమ్మిందన్నవ్," అంది యశోద, పంపు కొడుతూ.

"నువ్వే అన్నవ్ గదా ముందు."

"నేనంటే అత్తకు భయపడి అన్న. నువ్వెందుకన్నవ్?"

"నీ కోసం."

"నా కోసమే అయితే ఆ కాయ నా చేతికి ఎందుకిచ్చినవే?"

"పట్టుకోమన్న. పళ్లకు ఆనించమన్న. అంతే. కొరకమన్ననా?"

"ఐదో నెల నాకు." యశోద పంపు ఆపింది. "పళ్లకు ఆనించినంక నోరు ఊకుంటదా? నీకేం తెలుస్తది?"

"ఊకోవాలె. మీ ఊరి కట్టుబాటు నీకు తెల్వదా? నాకు చెప్పింది నువ్వే గదా."

"చెప్పిన. చెప్పినంక గూడ ఇచ్చినవ్. ఇక్కడోళ్లు ఎవ్వరు చూడరే అన్నవ్. పేపరు చదివేటోళ్లు ఈ ఊర్ల ఎవరున్నరన్నవ్."

అవును, అంది. నవ్వుతూ అంది కూడా. ఆ నవ్వు గుర్తొచ్చి భాను బిందె అంచు పట్టుకుంది.

"ఎంత తిన్నవ్?"

"జీడి దాకా తిన్న. నువ్వు రీలు తిప్పుకుంటున్నవ్ గదా, అటు తిరిగి." యశోద గొంతు తగ్గించింది. "ఉప్పు లేదని గూడ బాధపడ్డ."

ఇద్దరికీ నవ్వు వచ్చి ఉండేదే. హాస్టల్లో అయితే వచ్చేది. బిందె నిండి నీళ్లు కాళ్ల మీద పారాయి.

"నిజం చెప్దామా?" అంది భాను.

"చెప్తే విత్తనాలు పోతయ్. చెప్పకున్నా పోతయ్." యశోద బిందె ఎత్తుకుంది. భాను అందుకోబోతే చెయ్యి తోసేసింది.

పొద్దువాలాక పటేలు ఇంటి ముందు పందిరి కింద పాతిక మంది దాకా కూర్చున్నారు. పటేలు పగిడయ్యకు వరుసకు అన్న. పక్కన పూజారి తలపాగా విప్పి మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు. కాగితం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయి పటేలును చేరింది.

"ఏం బిడ్డా, మొన్న నన్ను గూడ తీసినవ్ గదా," అన్నాడు పటేలు. "అది పేపర్ల పడలేదేంది?"

"అది సరిగ్గ రాలేదు పెద్దయ్యా."

"ఏది సరిగ్గ రాలేదు? ఫొటోనా, నా మొఖమా?"

పందిరి కింద నవ్వులు లేచాయి. పూజారి నవ్వలేదు. నవ్వులు ఆగాయి.

"ఆ కాయ ఈ ఊరిది కాదు," అంది భాను. పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న మాట ఇది. "పెనుబల్లి కాడ తోటల కొన్న. నా సంచిల వచ్చింది. మీ చెట్టు నేను ముట్టలేదు."

"చెట్టు ఎక్కడిదైతే ఏంది బిడ్డా," అన్నాడు పటేలు. "నోరు ఈ ఊరిది గదా."

"యశోద తినలేదు. ఫొటో కోసం నేనే పట్టుకోమన్న. కొరికి ఉమ్మింది. తప్పు నాది. నన్ను పంపెయ్యండి, పోత."

పెద్దవాళ్లు కోయలో మాట్లాడుకున్నారు. భానుకు ఆ భాష రాదు. మధ్యలో 'లంబాడి' అన్న మాట రెండుసార్లు వినిపించింది. ఎవరన్నారో తెలియలేదు. తన గురించి తన ముందే మాట్లాడుకుంటున్నారు, ఒక్క మాటకూ అడ్డం చెప్పడానికి లేదు.

"నిన్ను పంపితే తప్పు నీ సంచిల పోతదా?" అన్నాడు పూజారి తెలుగులో. ఆయన మాట్లాడటం అదే మొదలు.

పటేలు భార్య రుక్మిణి పందిరి గుంజ దగ్గర నిలబడి ఉంది. "కడుపుతోని ఉన్నదని అందరు జాలి పడుతున్నరు. ఈ ఊర్ల ఇంకెవ్వరు కనలేదా? నాయి నాలుగు కానుపులు. నాలుగు ఎండకాలాలు నోరు కట్టుకున్న. నా ఇంటి ముందే చెట్టున్నది, చూడండ్రి. కాయలు నెత్తికి తగులుతుంటయ్. తగిలిన కాయను చేత్తోని పక్కకు జరిపి పోయిన. నాకు పులుపు తెల్వదా?"

బాలకృష్ణ తల వంచుకున్నాడు.

"నేను తిన్న," అంది యశోద.

ఆడవాళ్ల మధ్య నుంచి లేచి నిలబడింది. ఒక చెయ్యి కడుపు మీద ఉంది.

"ఉమ్మలేదు. జీడి దాకా తిన్న. భాను తినమనలేదు. నాకే తినబుద్ధయింది. అత్తకు అబద్ధం చెప్పిన. భాను నా కోసం అబద్ధం చెప్పింది."

బాలకృష్ణ లేచి, ఎవరినీ చూడకుండా పందిరి దాటి వెళ్లిపోయాడు. పగిడయ్య కొడుకును పిలవబోయి ఆగాడు.

భాను జంపక్క వైపు చూసింది. మూడు రోజులుగా ఒకే ప్రశ్న అడిగిన మనిషి. జవాబు దొరికాక ఏమంటుందో అనుకుంది. జంపక్క లేచి కోడలి పక్కకు పోయి నిలబడింది.

"నా కోడలు తిన్నది. అంటే నా ఇల్లు తిన్నది," అంది పూజారితో. "ఏం చెయ్యమంటవో చెప్పు, చేస్త. విత్తనాలు మాత్రం ఆపకు. ఆ కడుపుల ఉన్నది కాయ అడిగింది. రేపు బువ్వ అడుగుతది."

పూజారి తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు.

"పండుగ ముందటి రోజు పొలిమేర కాడికి కోడి తెచ్చి, మొక్కి, తప్పు ఒప్పుకోవాలె," అన్నాడు. "తిన్నది ఒక ఇల్లు. తినిపించింది ఒక ఇల్లు. రెండిళ్లు రావాలె. వస్తే విత్తనాలు పడత."

భాను ముందుకొచ్చింది. "కోడి నేను తెస్త తాతా. రేపే తెస్త."

"కోడి కాదు బిడ్డా. మనిషి."

"నేనున్న గదా."

"నువ్వు చుట్టానివి. ఇయ్యాల ఉంటవ్, రేపు బస్సెక్కుతవ్. నీ వెనక ఒక ఇల్లుంటది గదా. ఆ ఇంటి పెద్ద వచ్చి ఒప్పుకోవాలె."

"మాది దూరం. మా నాయనకు డ్యూటీ ఉంటది. మాకు వేరే దేవుండ్లు తాతా, మా వాళ్లకు ఈ కట్టుబాటే తెల్వదు."

"నీకు తెలుసు గదా. వచ్చినంక వాళ్లకు చెప్పు."

"రాకపోతే?"

పటేలు కాగితం మడిచాడు. "రాకపోతే ఈ ఏడు పగిడయ్య నాగలి పట్టడు," అన్నాడు.

ఆ సాయంత్రం జంపక్క అందరికీ కంచాలు పెట్టింది. భానుకూ పెట్టింది. మీ నాయన వస్తడా అని అడగలేదు. అడిగితే బాగుండునని భాను అనుకుంది. అడిగితే రాడని చెప్పి, సంచి తీసుకుని, పొద్దున్నే వెళ్లిపోవచ్చు.

పొద్దున ఇద్దరూ సారపాక పోయారు. యశోద వస్తానంది, భాను వద్దనలేదు.

ప్రతి ఆదివారం భాను తల్లికి ఫోన్ చేసే ఎస్టీడీ బూత్ అక్కడే ఉంది. తండాకు ఫోన్ లేదు. తండా మొదట్లో దేవ్లా కిరాణా కొట్టుకు చేస్తే, దేవ్లా కేకేసి సక్రిని పిలుస్తాడు. ఆటోవాళ్లు 'భద్రాచలం, భద్రాచలం' అని అరిచేది వినపడకుండా భాను అద్దం తలుపు గట్టిగా వేసుకుని మాట్లాడేది. ఖమ్మంలో ఎండల గురించి చెప్పేది.

ఇవాళ కూడా తలుపు వేసింది. యశోద బయట నీడన నిలబడింది.

"యాడీ," అంది భాను, ఫోన్ ఎత్తిన చప్పుడు కాగానే.

"మీ అమ్మ కట్టెలకు పోయింది," అంది లచ్చిరాం గొంతు. "నాకు సెకండ్ షిఫ్టు. దేవ్లా కొట్లోనే ఉన్న. ఏంది, ఆదివారం గాకుండ చేసినవ్?"

వాళ్లు మాట్లాడుకునేది తమ తండా భాషలో. ఆ భాషలో తండ్రితో అబద్ధం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినవన్నీ తల్లికే.

"బా, నేను ఖమ్మంల లేను."

అవతల తక్కెడ చప్పుడయింది. దేవ్లా ఎవరికో ఏదో తూస్తున్నాడు.

భాను చెప్పింది. యశోద, ఈ ఊరు, ఫొటో, కాయ, పూజారి మాట అన్నీ చెప్పింది. చెబుతుంటే తనకే చిన్నపిల్లల గొడవలా వినిపించింది.

"ఎప్పటి సంది ఉన్నవ్ అక్కడ?"

"ఐదు వారాలు."

"వారం వారం మీ అమ్మతోని మాట్లాడినవ్."

"అవ్."

"నేను పోయి పొలిమేర మీద నిలబడి, నా బిడ్డ తప్పు చేసిందని చెప్పాలె. కోయోళ్ల ముందట."

"చెప్పాలె బా. లేకుంటే వాళ్లను దున్ననియ్యరు."

"ఆ యశోద మనింటికి వచ్చిన పిల్లనేనా? హాస్టల్ సెలవులకు?"

"అవ్. రెండుసార్లు వచ్చింది."

"మీ అమ్మ రొట్టెలు చేస్తుంటే పొయ్యి కాడ కూసోని తిన్నది. ఆమెనా కడుపుతోనున్నది?"

"అవ్ బా."

అవతల దేవ్లా ఎవరికో లెక్క చెబుతున్నాడు.

"వస్త," అన్నాడు లచ్చిరాం. "పండుగ ముందటి రోజు పొద్దటి బస్సుకు వస్త. చెప్పాల్సింది చెప్త."

భాను నోరు తెరిచేలోపు తండ్రే మళ్లీ మాట్లాడాడు.

"ఆ కెమెరా ఎవరిదో వాళ్లకు పంపెయ్యి. బట్టలు సర్ది పెట్టుకో. తిరుగు బస్సుకు ఇద్దరం వస్తం."

"బా, కాలేజీ జూన్‌ల తెరుస్తరు. మూడో సంవత్సరం ఫీజు..."

"ఖమ్మం ముచ్చట నా దగ్గర తియ్యకు. ఐదు వారాలు మీ అమ్మకు అదే ముచ్చట చెప్పినవ్. ఒప్పుకుంటవా, లేదా? ఒప్పుకుంటెనే వస్త."

అద్దంలోంచి యశోద కనిపిస్తోంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇటే చూస్తోంది. భాను వీపు తిప్పుకుంది.

"ఒప్పుకుంట," అంది.

అవతల ఫోన్ పెట్టేశారు.

బయటికి రాగానే యశోద ఎదురొచ్చింది. "ఏమన్నడే?"

"వస్తండు."

"నిజంగనా? తిట్టలేదా?"

"తిట్టలేదు."

యశోద రెండు చేతులతో భాను భుజాలు పట్టుకుని ఊపింది. నాలుగు రోజుల తర్వాత నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"జల్దీ నడువు. అత్తకు చెప్పాలె. విత్తనాల గంప దించాలె, ఎండబోయాలె." ఆటో వైపు రెండడుగులు వేసి ఆగింది. "పండుగ నాడు నువ్వు గూడ ఉండాలె. ఈసారి పూజారినే అడిగి తియ్యి ఫొటోలు, ఎవ్వరేమనరు. రీల్ల ఇంకెన్ని ఉన్నయ్?"

"ఆరు."

"ఆరేనా? ఏం సరిపోతయే? భద్రాచలం పోయి ఇంకోటి తెచ్చుకో."

"వద్దు," అంది భాను. "ఆరు చాలు."